దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు, సంఘసేవిక. ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా పనిచేసింది. ఎనిమిదవ యేట జరిగిన పెళ్ళిని పదిహేనవ యేట తానే కాదన్న ఈమె, తరువాతి కాలంలో భర్తలు విడిచిపెట్టిన స్త్రీలకు చదువు, ఉపాధి కల్పించడానికి పాటుపడింది. విడాకులు, మనోవర్తి తగాదాలకు వేరుగా కుటుంబ న్యాయస్థానాలు ఉండాలని దేశంలో మొదటగా గట్టిగా చెప్పినవారిలో ఈమెను లెక్కిస్తారు.

బాల్యము, వివాహము

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. తండ్రి సేవాభావం కలవాడు, ఆడపిల్ల చదువును అడ్డగించనివాడు. నాటి అగ్రవర్ణ కుటుంబాల ఆచారం ప్రకారం రజస్వల కాకముందే ఆడపిల్లకు పెళ్ళి చేయవలసి ఉండేది. ఆ ఆచారానికి రామారావు కూడా లోబడ్డాడు. దుర్గాబాయికి ఎనిమిదేళ్ళ వయసులో దగ్గర బంధువైన సుబ్బారావుతో వివాహం జరిగింది.

అప్పటి పద్ధతిలో పెళ్ళికీ కాపురానికీ మధ్య కొన్ని సంవత్సరాల ఎడం ఉండేది. ఆ ఎడంలోనే దుర్గాబాయి జీవితం వేరు దారి పట్టింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు పన్నెండేళ్ళ ఈ బాలిక, సభలకు రాలేని దేవదాసీలకు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలకు ఆయన విడిగా ఉపన్యసించాలని పట్టుబట్టింది. అందుకు నిర్వాహకులు అయిదు వేల రూపాయల నిధి కావాలన్నారు. ఆ సొమ్ము సమకూడింది. సభ ముగిసేసరికి స్త్రీలు ఒలిచి ఇచ్చిన నగలు, నగదు కలిపి సుమారు 25 వేల రూపాయల దాకా వచ్చినట్లు చెబుతారు. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని దుర్గాబాయే తెలుగులోకి అనువదించింది. ఆ తరువాత ఇంగ్లీషు చదువు చెప్పే బడిని మానివేసి, కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల వద్ద వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. ఈ సంఘటన తెలుగు పాఠ్యపుస్తకాల ద్వారా బాగా ప్రచారమైనది. అయితే దానికన్నా ధైర్యం కావలసిన పని ఆమె కొద్ది నెలల తేడాతో తన ఇంటిలోనే చేసింది.

సుమారు 15 ఏళ్ళ వయసులో, కాపురానికి పంపే ప్రస్తావన వచ్చినపుడు, తాను సుబ్బారావుకు తగిన భార్యను కాలేనని ఆమె నిర్ణయించుకుంది. ఆ సంగతి అతనికే నేరుగా చెప్పి, మరొకరిని వివాహం చేసుకొమ్మని కోరింది. తండ్రి, తమ్ముడు నారాయణరావు ఆమె పక్షాన నిలిచారు. సుబ్బారావు తరువాత మరొక స్త్రీని వివాహమాడాడు. ఇరువైపులా కోర్టుకు పోలేదు. పోవడానికి ఆమెకు అప్పటి చట్టంలో దారి కూడా లేదు.

నాటి గోదావరి జిల్లాలో వివాహ చట్టము

దుర్గాబాయి నిర్ణయం ఎంత కఠినమైనదో తెలియాలంటే ఆనాటి పరిస్థితిని కొంత చూడాలి. రాజమండ్రి, కాకినాడలతో బాటు కోనసీమలోని అమలాపురం, రాజోలు తాలూకాలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో భాగాలు. (1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినపుడు గోదావరి జిల్లా తూర్పు గోదావరి జిల్లా అయింది. రాజోలు 2022 నుండి కోనసీమ జిల్లాలో ఉన్నది.) ఈ ప్రాంతపు హిందువులకు 1920లలో విడాకుల చట్టం అంటూ ఏదీ లేదు. శాస్త్ర ప్రకారం జరిగిన వివాహం భార్య విషయంలో విడరానిది. భర్త మాత్రం మొదటి భార్య ఉండగానే ఎన్ని వివాహాలైనా చేసుకోవచ్చు.

కొన్ని కులాలలో పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకొని మారుమనువు పోయే ఆచారం ఉండేది. విడాకులు అనే తెలుగు మాట చట్టం కన్నా ఎంతో పాతది. ఆ ఆచారాన్ని 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షను ద్వారా నిలిపి ఉంచింది. కానీ బాల్యవివాహాలు ఎక్కువగా జరిగే కులాలలోనే ఈ వెసులుబాటు లేకపోవడం గమనించదగినది. అటువంటి కుటుంబంలో భర్త ఏలుకోని స్త్రీ పుట్టింటికి చేరి, తండ్రి ఉన్నంతకాలం తండ్రి పంచన, ఆపైన అన్నదమ్ముల పంచన బ్రతకవలసి వచ్చేది. ఆమె భర్త బ్రతికే ఉన్నాడు కనుక వితంతువు కాదు. కనుక 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ఆమెకు పనికిరాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ సంస్కరణ ఫలం భర్త పోయిన స్త్రీకి అందింది కానీ భర్త వదిలిన స్త్రీకి అందలేదు. సంస్కరణోద్యమ చరిత్రలలో ఈ తేడాను సాధారణంగా పట్టించుకోరు.

అట్టి స్త్రీకి మిగిలినవి రెండు దారులు. మునసఫు కోర్టులో మనోవర్తి దావా వేయడం ఒకటి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 488వ సెక్షను క్రింద మేజిస్ట్రేటును ఆశ్రయించడం రెండవది. రెండింటిలోనూ దొరికేది తిండికి బట్టకు కొంత సొమ్ము మాత్రమే. వివాహబంధం నుండి విముక్తి కాదు.

భార్య తానై కాపురానికి రానంటే పరిస్థితి ఇంకా చిక్కు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ భర్త దావా వేయవచ్చు. బొంబాయిలో రఖ్మాబాయి అనే యువతి, బాల్యంలో తనకు జరిగిన పెళ్ళిని అంగీకరించక కాపురానికి పోననడంతో ఇట్టి దావానే ఎదుర్కొంది. 1887లో కోర్టు ఆమెను భర్త వద్దకు పొమ్మని, లేకుంటే ఆరు నెలలు జైలుకు పోవలసి ఉంటుందని తీర్పు చెప్పింది. ఆమె జైలుకే సిద్ధపడింది. మరుసటి యేడు రెండు వేల రూపాయలు భర్తకు ఇచ్చి రాజీ పడ్డారు. ఆ తరువాత రఖ్మాబాయి ఇంగ్లండులో వైద్యవిద్య చదివి డాక్టరుగా పేరు పొందింది. ఇట్టి డిక్రీలను అమలు చేయడానికి జైలుకు పంపే పద్ధతిని 1923లో సివిల్ ప్రొసీజరు కోడును సవరించి తొలగించారు. దుర్గాబాయి తన నిర్ణయం తెలిపింది ఆ మరుసటి సంవత్సరం ప్రాంతంలోనే. ఆమె విషయంలో సుబ్బారావు దావాకు పోలేదు. ఆనాడు అతడు గావించిన ఈ మేలును కూడా చెప్పుకోవాలి.

అయినప్పటికీ చట్టం దృష్టిలో ఆమె సుబ్బారావు భార్యగానే మిగిలిపోయింది. ఆయన 1941లో మరణించే వరకు, అంటే సుమారు 17 సంవత్సరాలు ఇదే స్థితి. ఆమె మొదటి వివాహాన్ని ఏ కోర్టూ రద్దు చేయలేదు.

జైలు జీవితము

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనపుడు దుర్గాబాయి మద్రాసులో టంగుటూరి ప్రకాశం తదితరులతో కలిసి పాల్గొన్నది. 1930 - 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళింది. వెల్లూరు, మధుర జైళ్ళలో శిక్ష అనుభవించింది. మధురలో ఆమెను ఏకాంత నిర్బంధంలో ఉంచారు. ఆ గది పక్కనే హత్యానేరంపై శిక్షపడిన స్త్రీ ఖైదీల గదులు ఉండేవి.

ఆ స్త్రీలతో మాటలు కలిపాక ఆమెకు ఒక సంగతి బోధపడింది. వారిలో పలువురికి అక్షరం రాదు. కోర్టులో ఏమి జరిగిందో, తమ తరపున ఎవరు ఏమి చెప్పారో తెలియదు. సరైన న్యాయసలహా దొరికి ఉంటే కొందరు అక్కడ ఉండేవారే కాదని ఆమె అభిప్రాయపడింది. తాను న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆ జైలులోనే కలిగింది. అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషను కూడా లేదు.

విద్య

జైలు నుండి వచ్చాక ఆరోగ్యం దెబ్బతిన్నా, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి 1934లో ఉత్తీర్ణురాలైంది. పిదప వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఆనర్సులో చేరదలచింది. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదు. ఆ కారణంగా ప్రవేశం ఇవ్వడానికి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి సందేహించాడు. దుర్గాబాయి పత్రికలలో ప్రకటన ఇచ్చి, అదే ఇబ్బందితో చదువు ఆగిపోయిన మరికొందరు యువతులను కూడగట్టి, తామే వసతిగృహం నడుపుకుంటామని చెప్పి సీటు సంపాదించింది. ఆనర్సు పూర్తయ్యాక మద్రాసు లా కాలేజీలో చదివి, 1940ల ఆరంభంలో మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకుంది. క్రిమినల్ కేసులలో మంచి పేరు తెచ్చుకుంది.

పదిహేనేళ్ళ వయసులో కాపురం కాదన్న యువతి స్వంత సంపాదనకు చేరేసరికి ముప్పయి దాటింది. ఈ మధ్యకాలమంతా తల్లి, తమ్ముడి ఆసరా లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. ఆసరా లేని స్త్రీ ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు సమాధానమే ఆంధ్ర మహిళా సభ అనవచ్చు.

ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసు మైలాపూరులో చిన్నపిల్లల ఆటపాటల సంఘంగా మొదలైన పని క్రమంగా ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. పిల్లలను దింపడానికి వచ్చే తల్లులలో చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్తలు ఏలుకోనివారు ఉండేవారు. వీరికి బడిలో చేరే వయసు దాటిపోయింది. తాను వెళ్ళిన దారినే దుర్గాబాయి వారికీ చూపింది. రెండు మూడేళ్ళలో బెనారస్ మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేసే తరగతులు నడిపింది. ఆ పరీక్ష పాసైతే నర్సు శిక్షణకో, టీచరు శిక్షణకో అర్హత వచ్చేది. కుట్టు, నేత, చేతిపనుల శిక్షణ కూడా ఉండేది. సభ తరపున ఆంధ్ర మహిళ అనే పత్రికకు సంపాదకత్వం వహించింది. 1946లో మద్రాసులో సభ భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశాడు.

సుబ్బారావు మరణించిన తరువాత అతని రెండవ భార్యకు అత్తవారింట ఆదరణ కరువైంది. ఆమె దుర్గాబాయి వద్దకు వచ్చింది. దుర్గాబాయి ఆమెను సభలో చేర్చుకొని, శిక్షణ ఇప్పించి, ఉద్యోగం దొరికేలా చేసింది. ఒకే పురుషుని పేర భార్యలుగా లెక్కింపబడిన ఇద్దరు స్త్రీల మధ్య ఇట్టి సంబంధం అరుదు. దుర్గాబాయి వదులుకున్న స్థానంలోకే ఆ స్త్రీ వచ్చింది. భర్త లేని నాడు ఆ స్థానం ఆమెను కాపాడలేదు. చేతిలో పని ఉండడమే కాపాడింది.

1958 తరువాత సభ కార్యకలాపాలు హైదరాబాదుకు విస్తరించాయి. విద్యానగర్‌లోని ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని మహిళా కళాశాల, వయోజన విద్యాకేంద్రం వీటిలో ముఖ్యమైనవి.

రాజ్యాంగ సభలో

1946లో దుర్గాబాయి మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభ రికార్డులలో జి. దుర్గాబాయి అన్న పేరుతో కనిపిస్తుంది. సభాధ్యక్షుల ప్యానెలులో ఆమె ఒక్కతే స్త్రీ. సుమారు 750 సవరణలు ప్రతిపాదించినట్లు చెబుతారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుండి 30కి తగ్గించడం, న్యాయవ్యవస్థ స్వతంత్రత, స్త్రీలను వ్యభిచార వృత్తిలోకి అమ్మడాన్ని నిషేధించడం వంటి విషయాలపై ఆమె మాట్లాడింది.

విడాకుల విషయంలో ఆనాటి ముఖ్య ఘట్టం హిందూ కోడ్ బిల్లు. ఏకపత్నీవ్రతం, విడాకులు, ఆడపిల్లకు ఆస్తి హక్కు ఈ మూడింటినీ ఒకే చట్టంలో తేవాలని న్యాయమంత్రి అంబేద్కర్ ప్రయత్నించాడు. దుర్గాబాయి దానిని సమర్థించింది. సంప్రదాయవాదుల వ్యతిరేకత వలన బిల్లు ముందుకు సాగలేదు, 1951లో అంబేద్కర్ మంత్రిపదవికి రాజీనామా చేశాడు. 1952 సాధారణ ఎన్నికలలో దుర్గాబాయి ఓడిపోయింది. అందువలన ఆ బిల్లు ముక్కలై, 1955లో హిందూ వివాహ చట్టంగా నెగ్గినపుడు ఆమె పార్లమెంటులో లేదు.

రాజోలు వంటి ప్రాంతాలలో అంతకు ఆరేళ్ళ ముందే ఒక మార్పు వచ్చిందన్నది తరచు మరచిపోయే విషయం. మద్రాసు ప్రభుత్వం 1949లోనే హిందువులలో బహుభార్యాత్వాన్ని నిషేధించి, విడాకులకు వీలు కల్పిస్తూ చట్టం చేసింది. కోనసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నది కనుక ఆ చట్టం ఇక్కడ కూడా వర్తించింది.

రెండవ వివాహము, సంక్షేమ బోర్డు

1952లో దుర్గాబాయి ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమితురాలైంది. ఆ సంఘంలో సహసభ్యుడు, అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. ఈయన రిజర్వు బ్యాంకుకు గవర్నరైన మొదటి భారతీయుడు. మొదటి భార్య మరణించింది. 1953 జనవరి 22న వీరిరువురు వివాహం చేసుకున్నారు. సాక్షులలో నెహ్రూ ఒకడు. పెళ్ళినాటికి దుర్గాబాయికి 43 ఏళ్ళు. మొదటి పెళ్ళిలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. రెండవది తానై ఎంచుకున్నది. సుబ్బారావు అప్పటికి జీవించి ఉంటే ఆమె ముందుగా 1949 నాటి మద్రాసు చట్టం క్రింద విడాకులు కోరవలసి వచ్చేది.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దానికి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సహాయం అందించడం బోర్డు పని. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సుల పథకం ప్రవేశపెట్టింది. మైలాపూరులో బెనారస్ మెట్రిక్యులేషను తరగతులుగా మొదలైనదే దేశమంతటికీ పథకమైంది. చదువు ఆగిపోయిన స్త్రీలు, ముఖ్యంగా వితంతువులు, భర్త వదలివేసినవారు రెండు మూడేళ్ళలో బడి చదువు ముగించి గ్రామసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా పనిలో చేరడానికి ఇది ఉద్దేశించబడింది. ఆమె చేసిన పనులన్నిటిలోకీ ఇదే ఎక్కువమంది స్త్రీలకు నేరుగా ఉపయోగపడినదని ఎంచవచ్చు. విడాకుల డిక్రీ చేతికి వచ్చిన స్త్రీకైనా మరుసటి రోజు తిండి ఎలా అన్న ప్రశ్న ఉంటుంది.

1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించింది. ఆ నివేదిక 1959లో వచ్చింది.

కుటుంబ న్యాయస్థానాల ఆలోచన

1953లో చైనా పర్యటనలో దుర్గాబాయి అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరును పరిశీలించింది. ఆస్తి తగాదాలు, అప్పుల దావాలు విచారించే కోర్టులలోనే భార్యాభర్తల తగవులూ నడవడం వలన స్త్రీలు సంవత్సరాల తరబడి తిరుగుతున్నారని ఆమెకు న్యాయవాదిగా తెలుసు. తిరిగి వచ్చాక ఈ విషయమై బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధాని నెహ్రూతోను చర్చించింది. ఆ ఆలోచన చట్టం కావడానికి ముప్పయి ఏళ్ళకు పైగా పట్టింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి ఆమె మరణించి మూడేళ్ళు దాటింది.

ఈ చట్టం క్రింద విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి వివాదాలు ఒకే కోర్టులో విచారణకు వస్తాయి. సలహాదారులు ఉంటారు. కక్షిదారు కోరితే విచారణ రహస్యంగా జరపాలి. న్యాయవాదిని పెట్టుకోవడం హక్కుగా లేదు, కోర్టు అనుమతితో సహాయం పొందవచ్చు. న్యాయమూర్తుల నియామకంలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. పది లక్షల జనాభా మించిన నగరాలలో ఈ కోర్టులు తప్పనిసరి. మిగిలిన చోట్ల రాష్ట్ర ప్రభుత్వం అవసరమనుకుంటే ఏర్పాటు చేస్తుంది. చట్టం రాజీకి, వివాహాన్ని నిలపడానికి ఎక్కువ మొగ్గు చూపుతుందని స్త్రీల సంఘాలు విమర్శించాయి. ఆ విమర్శలో నిజం ఉన్నది. ఏళ్ళ తరబడి జాడ లేని భర్తతో రాజీకి గడువులు ఇవ్వడం వలన ఆలస్యమే మిగులుతుంది.

విడిచిపెట్టబడిన భార్య, మారిన చట్టము

దుర్గాబాయి జీవితకాలంలోనే విడాకుల చట్టం చాలా మారింది. ఆమె కథకు దగ్గరి సంబంధం ఉన్న అంశాలను ఇక్కడ చెప్పుకోవాలి.

1955 చట్టం విడాకులను అనుమతించినప్పటికీ, కేవలం భర్త వదలివేశాడన్న కారణంపై నేరుగా విడాకులు ఇవ్వలేదు. రెండేళ్ళ పాటు విడిచిపెట్టి ఉంటే మొదట వేరుగా నివసించడానికి డిక్రీ పొందాలి. ఆ డిక్రీ తరువాత మరో రెండేళ్ళు కలిసి ఉండకపోతే అప్పుడు విడాకులు కోరాలి. అంటే ఒంటరి స్త్రీ రెండుసార్లు కోర్టు మెట్లెక్కాలి. చట్టానికి ముందే రెండవ పెళ్ళి చేసుకున్న భర్త నుండి మాత్రం, ఆ రెండవ భార్య జీవించి ఉంటే, విడాకులు నేరుగా అడిగే వీలు కల్పించారు. సవతి వచ్చాక పుట్టింటికి చేరిన పాత తరం స్త్రీలకు ఇది పనికివచ్చింది.

1976 సవరణ ఈ చిక్కును తొలగించింది. సరైన కారణం లేకుండా రెండేళ్ళు ఏకధాటిగా విడిచిపెట్టి ఉండడం నేరుగా విడాకులకు కారణమైంది. విడిచిపెట్టడమంటే ఇల్లు వదిలిపోవడం మాత్రమే కాదని, బుద్ధిపూర్వకంగా భార్యను పట్టించుకోకపోవడం కూడా అందులోకి వస్తుందని వివరణ చేర్చారు. పరస్పర అంగీకారంతో విడిపోయే పద్ధతి కూడా ఆ సవరణతోనే హిందూ వివాహ చట్టంలోకి వచ్చింది.

అదే సవరణలో మరొక చిన్న నిబంధన ఉన్నది. పదిహేనేళ్ళు నిండక ముందే పెళ్ళి అయిన బాలిక, పదిహేను నిండిన తరువాత, పద్దెనిమిది నిండక ముందు ఆ పెళ్ళిని తిరస్కరిస్తే, కాపురం జరిగినా జరగకపోయినా, విడాకులు కోరవచ్చు. ఎనిమిదవ యేట పెళ్ళయి, పదిహేనవ యేట కాదన్న దుర్గాబాయి విషయం అచ్చంగా ఈ నిబంధనలో ఇముడుతుంది. ఏ చట్టం అండ లేకుండా ఆమె ఆ పని చేసిన సుమారు అర్ధశతాబ్దానికి అది భార్య హక్కుగా పుస్తకంలోకి ఎక్కింది. సవరణ చేసినవారు ఆమెను దృష్టిలో పెట్టుకొని చేశారని కాదు. ఆమె వంటి బాలికలు దేశంలో అంతమంది ఉండేవారని దీనివలన తెలుస్తుంది.

మనోవర్తి విషయంలో మార్పు ఇంత వేగంగా రాలేదు. మేజిస్ట్రేటు ఇప్పించగల మొత్తంపై 1955లో పెట్టిన నెలకు 500 రూపాయల పరిమితి 2001 వరకు కదలలేదు. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఈ అంకె మారకపోవడం విచిత్రం. 2001లో పరిమితిని ఎత్తివేశారు. 2003లో వచ్చిన మరొక సవరణ, భార్య తాను నివసించే చోటి కోర్టులోనే విడాకుల అర్జీ వేసుకోవడానికి వీలు కల్పించింది. అంతకు ముందు పెళ్ళి జరిగిన చోటికో, భర్త ఉన్న చోటికో, ఇద్దరూ చివరగా కాపురం ఉన్న చోటికో పోవలసి వచ్చేది. హైదరాబాదులోనో, సూరతులోనో విడిచిపెట్టబడి రాజోలు పక్క పల్లెలోని పుట్టింటికి చేరిన స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. వాయిదాకు రైలు టిక్కెట్టు, తోడు వచ్చే మగమనిషి కూలి, బస ఖర్చు ఇవన్నీ తప్పినట్లే.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ నిబంధన మాత్రం నిలిచే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో, సినీనటి సరిత కేసులో, ఇది స్త్రీ స్వేచ్ఛకు, గోప్యతకు భంగకరమని కొట్టివేసింది. మరుసటి యేడు మరొక కేసులో సుప్రీం కోర్టు దానిని చెల్లుబాటు అయ్యేదిగా ప్రకటించింది.

చివరి సంవత్సరాలు

దుర్గాబాయి 1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించడంలో ప్రధాన పాత్ర వహించింది. ఢిల్లీలో తెలుగువారి విద్యాసంస్థలు, 1961లో ఆరంభమైన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఏర్పాటుకు కృషి చేసింది. ప్రణాళికా సంఘం 1968లో ప్రచురించిన భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వం ఆమె పర్యవేక్షణలో తయారైంది. ఆ తరువాత దంపతులు హైదరాబాదులో స్థిరపడ్డారు. 1975లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ పురస్కారం ఇచ్చింది. అదే సంవత్సరం దేశ్‌ముఖ్ కూడా పద్మవిభూషణ్ అందుకున్నాడు. అక్షరాస్యతా కృషికి నెహ్రూ పురస్కారం, యునెస్కో పురస్కారం కూడా పొందింది.

తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో చింతామణ్ అండ్ ఐ అనే పేరుతో వ్రాసింది. ఆ గ్రంథం 1980లో వెలువడింది. ఆంధ్ర మహిళా సభ చరిత్రను వేరొక గ్రంథంగా వ్రాసింది. బాల్యవివాహం గురించి, సుబ్బారావు గురించి, అతని రెండవ భార్య గురించి దాపరికం లేకుండా వ్రాయడం వలననే ఆ వివరాలు నేడు మనకు తెలుస్తున్నాయి. ఆ తరం ప్రముఖులు ఇట్టి సంగతులను సాధారణంగా వదిలివేసేవారు.

1981 మే 9న దుర్గాబాయి మరణించింది. మరుసటి సంవత్సరం ఆమె స్మృతిగా తపాలా బిళ్ళ విడుదలైంది. ఆ యేడే అక్టోబరు 2న దేశ్‌ముఖ్ హైదరాబాదులో కన్నుమూశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మహిళా అధ్యయన కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు ఆడపిల్లలకు వసతి లేదని ఆమెను చేర్చుకోవడానికి సందేహించిన విశ్వవిద్యాలయం అదే. 2018లో ఆరంభమైన ఢిల్లీ మెట్రో గులాబీ మార్గంలో దక్షిణ ప్రాంగణం స్టేషను కూడా దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీద ఉన్నది.